నూనె రాసిన కాలు, ప్లాస్టరు వేసిన కాలు

మా పక్క వాటాలో ఒక నర్సు పిల్ల అద్దెకుంటోంది. పేరు విమల. డ్యూటీ దిగొచ్చి నా అరుగు మీద కూలబడి, చూయింగ్ గమ్ నములుతూ, వార్డులో ఆ పూట జరిగిందంతా నాకు అప్పగిస్తే గానీ దానికి అన్నం సహించదు. మొన్న ఆ నమిలిన ముద్ద తీసి నా టేకుబల్ల అంచుకి నొక్కింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమే, ఇంతసేపూ నీ నోట్లో నానింది. పంటికి అంటలేదు, నాలిక్కి అంటలేదు. నా బల్లకి మాత్రం పెట్టీ పెట్టగానే అతుక్కుపోయిందే! ఎందుకో చెప్పు, నిన్ను వదిలేస్తాను" అన్నాను.

"జిగురు కదా అమ్మమ్మగారూ, అంటుకుంటుంది."

"నోట్లో ఉన్నప్పుడు జిగురు కాదా మరి?"

తెల్లమొహం వేసింది. ఈ పిల్లే రోజూ వచ్చి, ప్లాస్టరు నిలవడం లేదు, సరుకు మంచిది కాదు అని సణుగుతుంది. సరుకు మంచిదే తల్లీ, నీకే అంటించడం రాదు. సోడా కొట్టు నుంచి ఐసు ముక్క తెప్పించి ఆ గమ్ మీద పెట్టాను. చల్లబడి రాయిలా అయ్యాక గోటితో మీటితే చెక్కులా ఊడొచ్చింది. అది చూసి నోరు తెరిచింది.

ఇదిగో, ఇలాంటి పిల్లల కోసమే రాస్తున్నాను. నర్సు ఉద్యోగంలో నాకు ఏ ఏడు ఏ హోదా వచ్చిందో, ఏ ఊరికి బదిలీ అయిందో ఎవరిక్కావాలి? నాకే అక్కర్లేదు. నేను నేర్చుకున్నదంతా ఉద్యోగం మొదట్లోనే, అరకు కొండల మీద నేర్చుకున్నాను. తరవాత చేసినదంతా దాన్ని వాడుకోవడమే. ఆ కొండలంటే నాకు ఇప్పటికీ బెంగే. బెంగ అని చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

కొండెక్కడం

అది పందొమ్మిది వందల ఇరవైల్లో మాట. మైదానంలో ఒక మిషనాసుపత్రిలో నర్సు చదువు పూర్తి చేశాను. అరకు లోయలో చిన్న ఆసుపత్రి ఒకటి ఉంది, నర్సు కావాలన్నారు. ఏజెన్సీ అంటే అప్పట్లో ఉద్యోగస్తులకి హడలు. కొండజ్వరం పట్టుకుంటే మనిషి మళ్లీ దిగడని చెప్పుకునేవారు. నాతో చదివిన పిల్లలందరికీ ఇళ్లల్లో వద్దన్నారు. నాకు వద్దనడానికి మేనత్త ఒక్కతే ఉంది. ఆవిడేమో నా బరువు ఎప్పుడు దిగుతుందా అని చూస్తోంది. అందుకని నేను ఎక్కాను.

ఎడ్లబండి కొంత దూరం, నడక చాలా దూరం. పైకి చేరేసరికి వాన. పెంకుటింటి ఆసుపత్రి, నాలుగు మంచాలు, వెనక గెడ్డ పారుతున్న చప్పుడు. మొదటి వారం ఏడ్చాను. రెండో వారం ఎవరో ముసలమ్మ ఆకు దొప్పలో చోడంబలి, అదే రాగి అంబలి, పోసి ఇచ్చి, "తాగు గుంటా, ఏడుపు తగ్గిపోద్ది" అంది. తగ్గిపోయింది. విస్తళ్లు కుట్టే అడ్డాకులు తడిసిన వాసన, ఆ అంబలి పులుపు ఇప్పటికీ నా ముక్కుకీ నాలిక్కీ గుర్తే. ఇక్కడ చోళ్లు కొని నేనూ కాస్తాను, ఆ రుచి రాదు. నీళ్లు వేరు కాబోలు.

మా డాక్టరు సన్యాసిరాజుగారు. ఆయన కోపిష్టి. మందు తాగనివాడిని తిట్టేవాడు, తాగినవాడిని ఆలస్యంగా వచ్చావని తిట్టేవాడు. కానీ ఆయన దగ్గర ఒక గుణముంది. ఎందుకు అని అడిగితే చేస్తున్న పని ఆపి మరీ చెప్పేవాడు. తరవాత చాలామంది పెద్దవాళ్ల కింద పని చేశాను. మెత్తగా మాట్లాడేవాళ్లున్నారు, పేరున్నవాళ్లున్నారు. ఎందుకు అని అడిగితే మాత్రం, చెప్పింది చెయ్యి అనేవాళ్లే. నాకు మళ్లీ అలాంటి మనిషి దొరకలేదు. విమలా, నీ పైవాళ్లలో తిట్టినా సరే చెప్పేవాళ్లుంటే వదలకు.

డాక్టరుగారి పలక

కొండ మీద ప్లాస్టరుతో నానా యాతనా ఉండేది. రేకు డబ్బాలో చుట్టలు వచ్చేవి, రబ్బరు జిగురు పూసిన గుడ్డ. వానాకాలం అంటించిన గడియకే అంచులు లేచేవి. శీతాకాలం బిర్రబిగుసుకుపోయి అసలు అంటేదే కాదు. నేను విసుక్కుని, "ఇది మన కొండకి పనికిరాదండీ" అన్నాను ఒకసారి.

"కొండకి అంటించమని ఎవరన్నారు? మనిషికి అంటించు" అన్నాడు. ఆ సాయంత్రం ఒక చెక్క తెచ్చి, దాని మీద రకరకాలవి పేర్చాడు. పగిలిన అద్దం ముక్క, రేకు ముక్క, తడిపిన పలక, నూనె రాసిన రేకు, గోడ నుంచి ఊడిన సున్నపు పెచ్చు, చిత్రిక పట్టని కర్ర. అన్నింటి మీదా ఒకే పొడుగు ప్లాస్టరు ముక్కలు అంటించి, కిందకి వేలాడేలా ఒక్కోదానికి ఒక్కో గులకరాయి కట్టాడు. "పొద్దున్న చూద్దాం. ఏది ముందు పడుతుందో చెప్పు" అన్నాడు.

"అద్దమండీ. నున్నగా ఉంది కదా, జారిపోతుంది" అన్నాను ధీమాగా.

తెల్లారి చూస్తే అద్దం మీది ముక్క కదల్లేదు! తడి పలక మీది ముక్క సాయంత్రమే, నేను అటు తిరిగేలోపే పడిపోయింది. సున్నపు పెచ్చు మీది ముక్క ఊడింది గానీ, దాని నిండా సున్నపు పొడే. "చూశావా, ఇది చక్కగానే అంటుకుంది. పొడికి అంటుకుంది. పొడే పెచ్చుకి అంటుకుని లేదు, ఎవర్ని ఏమనాలి?" అన్నాడాయన. కర్ర మీది ముక్క మిట్టల్ని పట్టుకుంది, పల్లాల్లోకి దిగలేదు. దాన్నే లాంతరు చిమ్నీ దగ్గర వెచ్చబెట్టి, బొటనవేలితో కాసేపు అదిమి పెడితే జిగురు పల్లాల్లోకి దిగి, మరి ఊడలేదు.

నూనె రేకు మీది ముక్క మాత్రం వింతగా ప్రవర్తించింది. అంటించినప్పుడు అంటుకున్నట్టే ఉంది. గబుక్కున లాగితే నిలిచింది కూడా. పొద్దుటికి మాత్రం బెత్తెడు కిందకి జారి ఉంది. ఎప్పుడు జారిందో ఎవరికీ తెలీదు.

"అంటుకోవడమంటే మరేం లేదు శాంతమ్మా, జిగురు వెళ్లి ఆ వస్తువుని తాకాలి. సందు లేకుండా తాకాలి. తాకాలంటే అది మెత్తగా ఉండాలి, వెచ్చదనం కావాలి. నొక్కాలి, కాస్త టైమివ్వాలి. అన్నిటికంటే ముందు, మధ్యలో ఇంకోటి చేరి కూర్చోకూడదు. తడో, దుమ్మో, నూనో. అంచేత చర్మాన్ని చూడకు, చర్మం మీద ఏముందో చూడు" అన్నాడాయన నాతో.

ఇది మన ఆడవాళ్లందరికీ తెలిసిందే కదా అనిపించింది నాకు. పనసకాయ కొయ్యబోయే ముందు చేతికీ కత్తికీ నూనె రాసుకోమంటే చిన్నపిల్ల కూడా రాసుకుంటుంది. ఎందుకు రాసుకుంటున్నామో నేను మాత్రం ఆ రోజుదాకా ఆలోచించలేదు. విమల పంటికి గమ్ అంటకపోవడమూ అంతే. నోట్లో తడి ముందే చేరి కూర్చుంది, గమ్ముకి పన్ను తగలదు.

బుద్రి

వానలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం బుద్రిని డోలీలో మోసుకొచ్చారు. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. అడ్డాకుల మోపు నెత్తినెట్టుకుని గెడ్డ దిగుతూ బండ మీద జారింది. తొడ ఎముక విరిగింది. డాక్టరుగారు చెయ్యి వేస్తే కెవ్వున అరిచింది గానీ, అరుపు ఆగగానే అడిగిన మొదటి మాట, "నా కాలు పొట్టయిపోద్దా?" అని.

"ఏటే అలగడుగుతావు, ముందు పేనం నిలబడనీ" అని కసిరింది వాళ్లమ్మ సుక్రి.

"పేనం నిలబడి ఏటి లాభమమ్మా? వరసలోన నిలబడొద్దా?"

వరస అంటే ధింసా నాట్యం వరస. మీలో చూడనివాళ్లకి చెప్తాను. ఆడవాళ్లు పక్కపక్కన నిలబడి, ఒకరి నడుం వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుంటారు. ఇరవైమంది ఉన్నా ఒక్క మనిషే అడుగేసినట్టు ఉంటుంది. అందులో ఒకరి కాలు పొట్టిదైతే వరసంతా కుంటుతుంది. అందుకని కాలు సరిలేని మనిషి తనంతట తనే తప్పుకుని, గట్టు మీద కూర్చుని చూస్తుంది. ఈ బుద్రి వాళ్ల ఊళ్లో వరసకి ముందు నిలబడే మనిషి. కొండెక్కడం, మోపులు మొయ్యడం, మొగుడు, కాపురం, ఇవేవీ దానికి ఆ క్షణాన గుర్తురాలేదు. చైత్రంలో పండగొస్తుంది, వరస కడతారు, తను గట్టు మీద కూర్చోవాలి. దానికి అదే భయం.

తొడ ఎముక విరిగితే కండలు పైకి లాక్కుంటాయి, విరిగిన ముక్కలు ఒకదాని పక్కకి ఒకటి ఎక్కేస్తాయి. అలాగే అతికితే కాలు పొట్టిదవుతుంది. అలా కాకుండా ఉండాలంటే కాలిని కిందకి లాగిపెట్టి ఉంచాలి, ఎముక అతికేదాకా, రాత్రీ పగలూ. మాకున్న దారి ఒక్కటే. కాలికి రెండు పక్కలా పొడుగాటి ప్లాస్టరు పట్టీలు అంటించి, పాదం కింద వాటి మధ్య అడ్డంగా ఒక చెక్కముక్క కట్టి, ఆ చెక్కకి తాడు కట్టి, తాడుని మంచం చివర గిలక మీదుగా వేసి ఇసకమూట వేలాడదీయడం. గిలక మా నూతి గిలకే. ఇసక మా గెడ్డ ఇసకే. మంచం కాళ్లవైపు ఇటికలు పెట్టి ఎత్తు చేశాం.

అంటే చూడండి, ఆ పిల్ల చైత్రమంతా ఒక ప్లాస్టరు పట్టీ మీద ఆధారపడి ఉంది. పట్టీ పట్టుకుంటే కాలు నిలుస్తుంది. జారితే పోయింది.

జారిపోవడం

మర్నాడు సాయంత్రానికి పట్టీలు జారాయి. ఇసకమూట నేలకి ఆని కూర్చుంది. డాక్టరుగారు నా మీద లేచాడు.

"చెక్క మీద నేర్పించాను కదా! కడిగావా? తుడిచావా? వెచ్చబెట్టావా?"

"అన్నీ చేశానండీ."

"చేస్తే ఎందుకు జారింది? నీ చేతుల్లోనే పస లేదు."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ కడిగాను. సబ్బుతో కడిగి, స్పిరిటుతో తుడిచి, ఆరబెట్టి, సాంబ్రాణి టించరు పూశాను. అది ఆరితే చర్మం మీద పల్చటి బంకపొరలా నిలుస్తుంది, ప్లాస్టరుకి పట్టు దొరుకుతుంది. మళ్లీ అంటించాను. మళ్లీ జారింది. డాక్టరుగారే స్వయంగా అంటించాడు. అదీ జారింది! అప్పుడు గానీ ఆయన నా చేతుల్ని అనడం మానలేదు.

ఊడిన పట్టీ పారెయ్యబోతూ ఎందుకో వాసన చూశాను. సాంబ్రాణి వాసన రావాలి కదా, కొండవాళ్లు ఒంటికి రాసుకునే వలిసె నూనె వాసన వచ్చింది. ఆ పట్టీ లోపలివైపు పచ్చగా ఉంది, పసుపు. అది తీసుకెళ్లి డాక్టరుగారి ముక్కు దగ్గర పెట్టాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నూనె రేకు మీద ఎవరికీ తెలీకుండా బెత్తెడు జారిన ముక్క ఇద్దరికీ గుర్తొచ్చింది.

ఆ రోజు దీపాలవేళ నేను వంటింట్లోకి వెళ్లినట్టే వెళ్లి తిరిగొచ్చాను. సుక్రి మంచం పక్కన గొంతుక్కూర్చుని ఉంది. ఎండిన ఆనపకాయ బుర్రలోంచి నూనె చేతిలోకి వంచుకుని, పసుపు కలిపి, వేళ్లు పట్టీ అంచు కిందకి దూర్చి మెల్లిగా, ఎంతో మెల్లిగా రాస్తోంది. బుద్రి కళ్లు మూసుకుని హాయిగా పడుకుంది.

"ఏటి సేత్తన్నావు సుక్రీ!" అని అరిచాను.

ఆవిడ బెదరలేదు. "సూత్తన్నావు గదా, నూని రాత్తన్నాను" అంది.

"ఆ కాలు ముట్టుకోవద్దని చెప్పాను కదా?"

"నువ్వు సెప్పినావు. నాను కన్నాను గదా" అంది. "నూని తగలకపోతే కాలు ఎండిపోద్ది నర్సమ్మా. మా ఊర్లోన మంచం పట్టినోళ్లకి తల్లి సెయ్యి తప్పదు. తల్లుండి నూని తగలని ఒళ్లు సచ్చినోళ్ల ఒళ్లే. నా గుంట సచ్చిపోలేదు."

నాకు తల్లి లేదు. జ్వరమొస్తే నూనె రాసే చెయ్యి నా ఒంటికి ఎప్పుడూ తగల్లేదు. ఆవిణ్ణి తిట్టాలని లేచిన నోరు అలాగే ఉండిపోయింది.

డోలీ

డాక్టరుగారి నోరు మాత్రం ఉండిపోలేదు. వార్డు దద్దరిల్లిపోయేలా కేకలేశాడు. "ఇకనుంచి ఈవిడ గడప తొక్కకూడదు. బంధువులెవరూ మంచం దగ్గరికి రాకూడదు. కాలు నిలబెట్టేది నేనా, ఈవిడా?" అని చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు.

సుక్రి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే తిరిగొచ్చింది, వెనక ఇద్దరు మగవాళ్లు, భుజాన డోలీ కర్ర.

"నా గుంటని నాకు ఇచ్చెయ్యి. ముట్టుకోనియ్యని కాడ నాను ఒగ్గను" అంది.

"తీసుకుపో! కాలు కుంటిదైతే నా దగ్గరికి రాకు" అన్నాడాయన. కోపిష్టి కదా, వెనక్కి తగ్గడం చేతకాదు.

లోపల బుద్రి వెక్కి వెక్కి ఏడుస్తోంది. వెళ్తానంటే కాలు పోతుంది. ఉంటానంటే అమ్మ పోతుంది. అటు చూస్తుంది, ఇటు చూస్తుంది. డోలీలో వేసి ఆ కొండదారిన కుదిపి కుదిపి తీసుకెళ్తే ఆ ఎముక ఎలా అతుకుతుందో నాకు తెలుసు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"డాక్టరుగారూ, మీరే చెప్పారు. అంటుకోవాలంటే నొక్కాలి, వెచ్చదనం కావాలి, టైమివ్వాలి అని. మీకు అంత టైముందా? నాకుందా? ఈవిడకి తప్ప ఇంకెవరికి ఉంది?" అన్నాను.

"ఏమంటున్నావు నువ్వు?"

"కాస్త ఊరుకోండి బాబూ" అనేశాను. ఆయన్ని నేను అలా అనడం అదే మొదలు, అదే ఆఖరు.

సుక్రివైపు తిరిగాను. "నువ్వు నూనె రాయొద్దని ఎవరన్నారు? రాయి. బాగున్న కాలికి రాయి. తలకి రాయి, చేతులకి రాయి, వీపుకి రాయి. విరిగిన కాలికి మాత్రం నేనిచ్చేది రాయి. అదీ నీ చేత్తోనే రాయి" అన్నాను.

"అదేటి?"

సాంబ్రాణి టించరు సీసా మూత తీసి ఇచ్చాను. వాసన చూసింది. మొహం కాస్త విప్పారింది. "ఇది దేవుడికి పొగేసే బంక గదా."

"ఆ బంకే. స్పిరిటులో కరిగించారు."

"బాగున్న కాలికి నూని రాత్తే విరిగిన కాలికి తెలుత్తాదా?" అని అడిగింది. ఎంతో సీరియస్‌గా అడిగింది. పుస్తకంలో దీనికి జవాబు లేదు. నేను డాక్టరుగారివైపు చూశాను. ఆయన గొంతు తగ్గించి, "ఒక ఒళ్లే కదా. తెలుస్తుంది" అన్నాడు. ఆయన జీవితంలో శాస్త్రం పక్కనబెట్టి మాట్లాడింది అప్పుడే అనుకుంటాను.

సుక్రి మగవాళ్లకేసి తిరిగి చెయ్యి ఊపింది. డోలీ కర్ర గోడకి చేరేశారు.

రెండు అరచేతులు

ఆ రోజు సుక్రి చేతులకి నేనే కుంకుడురసం పోసి, బూడిద పెట్టి, నూనె మరక పోయేదాకా తోమించాను. "నా సెయ్యి నాదేనా, ఇంకెవరిదైనానా" అని నవ్వింది. బుద్రి కాలు తనే కడిగింది, తుడిచింది. టించరు గుడ్డతో పూసింది, ఊది ఊది ఆరబెట్టింది. నేను లాంతరు మీద పట్టీ వెచ్చబెట్టి అంటించాను. అప్పుడు ఆవిడ రెండు అరచేతులూ కాలికి చెరోపక్కా ఆనించి, అదిమి పట్టుకుని కూర్చుంది. ఎంతసేపు కూర్చుందనుకున్నారు! నేను మిగతా రోగులకి మందులిచ్చాను, గంజి కాచాను, వచ్చి చూస్తే ఇంకా అలాగే ఉంది. వాళ్ల భాషలో ఏదో సన్నగా పాడుతోంది. వేడి అరచేతుల కింద ఆ జిగురు చర్మం గీతల్లోకి ఎలా దిగుతోందో నాకు కళ్లకి కట్టినట్టు కనబడింది.

పట్టీ జారలేదు. ఇసకమూట గాల్లోనే నిలబడింది.

తరవాత రోజూ అదే వరస. పొద్దున్న సుక్రి వచ్చి బాగున్న కాలికి నూనె రాసేది. రాస్తూ రాస్తూ ఆ కాలితోనే మాట్లాడేది, "ఇదిగో, పక్కదానికి సెప్పు, బేగి బాగవమను" అని. బుద్రి పకపకా నవ్వేది. డాక్టరుగారు పక్కనుంచి వెళ్తూ వినబడనట్టు నటించేవాడు. ఒకరోజు మాత్రం ఆగి, "ఏమంటోంది ఆ కాలు?" అని అడిగాడు! సుక్రి తడుముకోకుండా, "డాట్రుబాబు అరవకుంటే బేగి అతుకుతానంటంది" అంది. వార్డంతా గొల్లుమంది.

ఇప్పుడు చెప్తున్నాను వినండి పిల్లలూ. రోగి పక్కన తల్లి ఉంటే అడ్డం అనుకోకండి. వాళ్లు చేసే పని తప్పయితే ఆ పని మాన్పించండి గానీ, ఆ చేతుల్ని ఖాళీగా పంపెయ్యకండి. వేరే పని చూపించండి. నేను తరవాత చూసిన పెద్ద ఆసుపత్రుల్లో బంధువుల్ని గేటు బయట నిలబెట్టి, అదో క్రమశిక్షణ అనుకునేవారు. నాకు అది తెలివితక్కువతనమనే ఇప్పటికీ అనిపిస్తుంది.

దిగిపోవడం

వలిసె పువ్వు వచ్చింది. లోయంతా పసుపు గుమ్మరించినట్టు అయిపోయింది. అప్పుడు డాక్టరుగారు ఇసకమూట విప్పాడు. పట్టీ ఊడదీయడానికి ఈసారి మేమే వలిసె నూనె అడిగాం. సుక్రి ఆనపబుర్ర నా చేతిలో పెట్టి, "ఇప్పుడు కావాల్సొచ్చిందా నీకు!" అని నా బుగ్గ పొడిచింది. అంచు కింద నూనె పోసి కాస్త ఆగితే, తోలు లేవకుండా మెత్తగా వచ్చేసింది. వదిలించేటప్పుడు అదే నూనె దేవుడు.

టేపు పెట్టి రెండు కాళ్లూ కొలిచాడాయన. నించుని కొలిచాడు, వంగి కొలిచాడు. "సమానమేననుకుంటా. తేడా ఉంటే ఉండీలేనట్టే. నడిస్తే గానీ తెలీదు" అన్నాడు. బుద్రి వెదురు కర్రల మీద వేలాడుతూ, కాలు నేలకి ఆనించకుండానే ఇంటికెళ్లింది. వెళ్తూ, "సైత్రంలోన రావాల నర్సమ్మా. వరసలోన నా పక్కన నిలబెడతాను" అంది. సుక్రి నా తలకి దోసెడు నూనె పెట్టి, మాడు మీద రుద్ది రుద్ది వెళ్లింది. తల్లి చెయ్యి అంటే ఇలా ఉంటుందా అనుకున్నాను. ఆ రోజు నేను తలంటుకోలేదు.

చైత్రానికి నేను కొండ మీద లేను. మాఘంలోనే కొండజ్వరం పట్టింది. డాక్టరుగారు క్వినైను మింగించి, డోలీలో పడుకోబెట్టి, కిందకి పంపించేశాడు. నయమయ్యాక మైదానంలోనే వేశారు. ఆ తరవాత పెళ్లి, పిల్లలు, ఊళ్లు మారడం. డాక్టరుగారు ఎటు బదిలీ అయ్యాడో తెలీలేదు. కొండ నా కళ్లెదురుగానే ఉండేది, నీలంగా. ఎక్కడానికి మాత్రం ఏదో ఒకటి అడ్డొచ్చేది. బుద్రి కాలు నిలిచిందా, కుంటిందా? వరసలో నిలబడిందా, గట్టు మీద కూర్చుందా? నాకు తెలీదు. నేను ఎంతోమందిని చూసుకున్నాను, ఎందరి కాళ్లో కట్టాను. ఈ ఒక్క కాలు నా మనసులోంచి పోలేదు.

సంత

రిటైరయ్యాక ఏ ఊళ్లో ఉంటానని పిల్లలు అడిగితే శృంగవరపుకోట అన్నాను. ఘాట్ రోడ్డు మొదట్లో ఊరు. వాళ్లకి వింతగా ఉంది. నాకు తెలుసు ఎందుకో. సంతరోజు కొండవాళ్లు దిగుతారు. అల్లం, అడ్డాకులు, కొండచీపుళ్లు తెస్తారు. నేను సంచీ పట్టుకుని వెళ్తాను గానీ కూరగాయలు చూడను. నడివయసు దాటిన ప్రతి కొండమనిషి కాళ్లకేసీ చూస్తాను. నడక చూస్తాను. సరిగ్గా నడిచే మనిషి కనబడితే ఇదే బుద్రి అనుకుంటాను. కుంటే మనిషి కనబడితే ఇదే బుద్రేమో అని గుండె జారిపోతుంది.

కిందటి సంతలో నా ఎడమ మోకాలు మొరాయించింది. దుంపలు పరుచుకున్న ఒక కొండపిల్ల పక్కనే చతికిలబడ్డాను. పాతికేళ్లు ఉంటాయేమో. దాని పక్కన సీసాలో వలిసె నూనె. మూత తీసుందేమో, ఆ వాసనకి నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఏటమ్మా, కాలు నొప్పా?" అంది.

"అవునే. ఈ ఎడమ మోకాలు చంపేస్తోంది. కాస్త నూనె రాద్దూ, పుణ్యముంటుంది."

చేతిలోకి నూనె వంచుకుంది. వంచుకుని నా కుడికాలు ఒళ్లోకి లాక్కుంది. ఎంతో మెల్లిగా రాయడం మొదలెట్టింది.

"అది కాదే, ఇది. ఎడమది."

"తెలుసు. నొప్పున్న కాలికి రాయకూడదు. పక్కదానికి రాయాల. పక్కది దానికి సెప్తాది" అంది, ఈ మాత్రం తెలీదా అన్నట్టు.

"ఎవరు చెప్పారే నీకు?"

"మా ఊర్లోన అందరూ అంతే. మా అత్తకి ఆళ్లమ్మ సెప్పిందంట. ఆళ్లమ్మకి ఎవరో నర్సమ్మ సెప్పిందంట, ఎనకటికి. ఆ నర్సమ్మ ఎప్పుడో సచ్చిపోయుంటాది."

"మీ అత్త పేరేమిటి?"

"బుద్రి."

కళ్లలోంచి నీళ్లు వాటంతట అవే కారిపోయాయి. తుడుచుకోలేదు. "మీ అత్త కుంటుతుందా?" అని అడిగాను. ఆ ఒక్క మాట అడగడానికి ఎన్నేళ్లు పట్టిందో నాకు.

"కుంటడమేటి!" అని పిల్ల కోపంగా చూసింది. "వరసకి ముందు ఆవిడే. ఆవిడ అడుగేత్తే గానీ మా ఊరు అడుగెయ్యదు. మొన్న సైత్రంలోన మేం అలిసిపోనాం, ఆవిడ అలిసిపోలేదు."

"నేనేనే ఆ నర్సమ్మని" అన్నాను.

పిల్ల రాయడం ఆపింది. నా నెరిసిన తల, కళ్లజోడు, సంచీ, అన్నీ పైనుంచి కిందదాకా చూసింది. నమ్మలేదు.

"నువ్వే అయితే, నొప్పున్న కాలికి రాయమంటావేటి మరి?" అంది.

ఆ పిల్ల నన్ను క్షమించినట్టు తల ఊపి, ఇంకాస్త నూనె వంచుకుని, కుడికాలికే రాయసాగింది. ఎడమ మోకాలు నొప్పి నొప్పిగానే ఉంది. నేను మాత్రం కాలు వెనక్కి తీసుకోలేదు.